పెరట్లో రాక్షస పువ్వు: కంద దుంప నుంచి వూడూ లిల్లీని పెంచడం ఎలా?

వేసవి ముగుస్తూ తొలకరి దగ్గరపడే రోజుల్లో పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ ఒక ఫొటో కనబడుతుంది. ఎవరి పెరట్లోనో నేలను చీల్చుకుని వచ్చిన ముదురు ఊదారంగు పువ్వు, చుట్టూ చేరిన ఇరుగుపొరుగు, పైన 'వింత పుష్పం' అన్న శీర్షిక. అందులో వింతేమీ లేదు. నిరుడో ముందటేడో తవ్వకుండా వదిలేసిన కంద పూసింది, అంతే. విదేశాల్లో తోటపని పిచ్చి ఉన్నవాళ్ళు వూడూ లిల్లీ పేరుతో ఖరీదైన దుంపలు తెప్పించుకుని పెంచే మొక్కలకు మన కంద దగ్గరి చుట్టం. మనకది రైతుబజారులో కిలోల లెక్కన దొరుకుతుంది.

మొదటే ఒక మాట చెప్పాలి. ఈ పువ్వును పూయించడానికి పువ్వు దగ్గర చేయాల్సిన పని దాదాపు ఏమీ ఉండదు. పని అంతా అంతకు ముందు ఏడాది ఆకు దగ్గరే. ఆకు ఎంత పెద్దదై ఎన్నాళ్ళు పచ్చగా నిలిస్తే దుంప అంత బరువెక్కుతుంది. దుంప తగినంత బరువెక్కిన ఏడాది పువ్వు దానంతట అదే వస్తుంది. తొందరపడేవాళ్ళు బంతి, చామంతి వేసుకోవడం మంచిది.

ఏ జాతి పెంచాలి

వూడూ లిల్లీ అన్న పేరుతో చాలా మొక్కలు అమ్ముతారు. పేరులో లిల్లీ ఉన్నా ఇవన్నీ చేమ కుటుంబానివి. ఎక్కువ భాగం అమార్ఫోఫాలస్ ప్రజాతికి చెందుతాయి. అందులో దాదాపు 200 జాతులున్నాయి. అన్నిటిలోకీ పెద్దది సుమత్రా దీవి అడవుల్లో పెరిగే టైటాన్. ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఒడోఆర్డో బెక్కారి 1878లో దాన్ని అక్కడ చూశాడు. ఆయన సేకరించిన విత్తనాల నుంచి వచ్చిన మొక్క 1889లో లండన్ క్యూ ఉద్యానంలో పూసింది. దాని పూగుత్తి మూడు మీటర్ల దాకా లేస్తుంది. ఎడిన్‌బరో ఉద్యానంలో పెరిగిన ఒక దుంప 150 కిలోలు దాటింది. ఇంట్లో పెంచాలని దాని జోలికి వెళ్ళవద్దు. విత్తనం నుంచి పువ్వు దాకా ఏడు నుంచి పదేళ్ళు పడుతుంది. పైగా దానికి ఏడాది పొడవునా తేమ గాలి కావాలి. మన మే నెల వడగాడ్పులకు దాని ఆకు నిలవదు.

ఇంటి తోటకు సరిపోయేవి మూడు. మొదటిది కొంజాక్: చైనాలోని యునాన్ ప్రాంతపు మొక్క, జపాన్‌లో దీని దుంప పిండితో కొన్యాకు అనే వంటకం చేస్తారు. పొడవాటి కాడ మీద మీటరుకు పైగా లేచే పువ్వు దీనిది. రెండోది సౌరోమాటమ్ వెనోసమ్: చిన్న దుంప, సన్నగా పొడవుగా సాగే పువ్వు, కుండీ వాళ్ళకు అనువు. మూడోది మన కంద, శాస్త్రీయంగా అమార్ఫోఫాలస్ పియోనిఫోలియస్. దీని పువ్వు ఎత్తు ఎదగదు కానీ వెడల్పులో మిగతా రెండింటినీ మించిపోతుంది. పెద్ద దుంప నుంచి వచ్చినది అర మీటరు వెడల్పు ఉంటుంది. మన ఎండకు, మన వానకు అలవాటుపడ్డది, పూయకపోయినా కూరకు పనికొచ్చేది కాబట్టి నా ఓటు కందకే. ఇక్కడి నుంచి చెప్పేదంతా ప్రధానంగా దాని గురించే.

అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న తెలుగువాళ్ళకు మాత్రం కొంజాక్ మేలు. చలికాలం మంచు కురిసే చోట కంద నేలలో బతకదు. కొంజాక్ దుంపను చలి రాకముందే తవ్వి ఇంట్లో పెట్టుకుంటే సరిపోతుంది. ఊరి నుంచి వస్తూ సూట్‌కేసులో కంద పిలకలు వేసుకెళ్ళాలని చూడకండి. నాటే దుంపలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

దుంప ఎంపిక

కందకోత సంక్రాంతి ముందూ వెనకా జోరుగా సాగుతుంది కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా మంచి దుంపలు దొరుకుతాయి. కూరగాయల అంగడిలో కోసి పెట్టిన ముక్కలు పువ్వుకు పనికిరావు. ముక్క నుంచి మొక్క వస్తుంది, అయితే పువ్వు కోసం మళ్ళీ కొన్నేళ్ళు ఆగాలి. కోయని నిండు దుంప కావాలని అడగండి. రెండు కిలోలకు తగ్గకుండా చూసుకోండి. నాలుగైదు కిలోలదైతే ఇంకా నయం.

దుంపను తిప్పి పైభాగం చూడండి. చదునుగా ఉన్న పై భాగంలో నడుమ ఒక గుంట, ఆ గుంటలో గులాబీ ఛాయ ఉన్న మొగ్గ ఉండాలి. నిరుడు కాడ ఊడిపోయిన చోటు అదే. కొందరు వ్యాపారులు అది మొలకెత్తకుండా మొగ్గను చెక్కేస్తారు. చెక్కిన దుంప పక్క నుంచి చిన్న మొలకలు వేస్తుంది కానీ ఆ ఏడాది పూయదు. బొటనవేలితో నొక్కితే ఎక్కడా మెత్తగా దిగకూడదు. పులిసిన వాసన వస్తుంటే సగం ధరకిచ్చినా వద్దు.

రకాల విషయానికొస్తే, కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం గోదావరి జిల్లాల్లో విస్తారంగా పండుతుంది. దురద తక్కువ, దుంప నున్నగా, పిలకలు లేకుండా ఉంటుంది. తిరువనంతపురంలోని దుంప పంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన శ్రీపద్మ కూడా మంచిదే. నాటు రకాలకు ఒంటి నిండా పిలకలుంటాయి. పువ్వు ఒక్కటే కోరుకునేవాళ్ళకు ఏదైనా ఒకటే. వంట కూడా ఆలోచించేవాళ్ళు గజేంద్ర తెచ్చుకోండి. అడవిలో తవ్వి తెచ్చి అమ్మే అడవి కందను తినే ఉద్దేశం పెట్టుకోవద్దు, నాలుక మీద దాని దురద భరించలేరు.

దురద సంగతి

'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అన్నవాళ్ళకు కత్తిపీట పట్టుకున్న చేతి సంగతి గుర్తు రాలేదు. కంద ఒళ్ళంతా కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల రూపంలో ఉంటాయి. చర్మంలో గుచ్చుకుంటే మంట, దురద. దుంప కోసేటప్పుడు, పిలకలు విడదీసేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి, లేదా రబ్బరు తొడుగులు వేసుకోండి. ఆ చేతితో కన్ను నలుపుకోవద్దు. దురద పట్టాక చింతపండు రసంతో రుద్ది కడగడం మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న ఉపాయం. ఆకు, కాడ, పువ్వు, కాయలు అన్నిటిలోనూ ఈ సూదులుంటాయి కాబట్టి పాకే పిల్లలు, ఏది దొరికితే అది కొరికే కుక్కపిల్లలు తిరిగే చోట నాటకండి.

నాటే వరకు దాచడం

తవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రలో ఉంటుంది. ఈ కాలంలో దానికి మట్టీ నీళ్ళూ అక్కర్లేదు, గాలి ఆడే నీడ చాలు. మొగ్గ పైకి ఉండేలా పొడి ఇసుక మీద కూర్చోబెట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే చెమటపట్టి కుళ్ళుతుంది. పది పదిహేను రోజులకొకసారి తిప్పి చూడండి. తెల్లటి పిండినల్లి కనిపిస్తే పాత పళ్ళుతోముకునే బ్రష్షుతో రుద్దేసి, వేపనూనె కలిపిన నీళ్ళతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. ఎక్కడైనా చిన్న కుళ్ళు మచ్చ ఉంటే కత్తితో మంచి కండ వచ్చేదాకా చెక్కి, ఆ గాయానికి బూడిద అద్దండి.

ఏప్రిల్ వచ్చేసరికి మొగ్గ కదులుతుంది. ఇక్కడి నుంచి దాన్ని జాగ్రత్తగా గమనించండి. సన్నగా, సూటిగా మొన తేలి వస్తుంటే అది ఆకు. అడుగున లావుగా ఉబ్బి గుండ్రంగా పెరుగుతుంటే పువ్వు. పెద్ద దుంప కొన్నవాళ్ళకు కొన్న వేసవిలోనే పువ్వు రావడం అసాధ్యమేమీ కాదు.

గుంట, మట్టి, నాటడం

నేల ఉన్నవాళ్ళు కుండీ ఆలోచన మానుకోండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంట తీయండి. తీసిన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు రెండు మూడు తట్టలు, వేపపిండి అర కిలో కలపండి. ట్రైకోడెర్మా (కుళ్ళు తెగుళ్ళను అడ్డుకునే మేలు శిలీంధ్రం) పొడి దొరికితే ఎరువులో కలిపి వారం పది రోజులు తడిగా ఉంచి వాడండి. మొదలు కుళ్ళుకు ఇంతకన్నా చవకైన ముందుజాగ్రత్త లేదు. నల్లరేగడి నేలైతే ఇసుక కలిపి, గుంటను చుట్టూ నేలకన్నా ఎత్తు చేయండి. ఒకటికన్నా ఎక్కువ నాటేటప్పుడు రెండు మొక్కల మధ్య మూడడుగుల దూరం ఉండాలి.

మేడ మీద పెంచేవాళ్ళకు నలభై యాభై లీటర్ల డ్రమ్ము గానీ అంతే పట్టే గ్రో బ్యాగ్ గానీ కావాలి. అడుగున రంధ్రాలు పెద్దవిగా, ఎక్కువగా ఉండాలి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, పైన రెండు గుప్పిళ్ళ వేపపిండి. ఒట్టి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మిశ్రమం వద్దు. అది నీరు పట్టి ఉంచుతుంది, అదీగాక గాలి వీస్తే బరువైన ఆకుతో సహా సంచి పక్కకు ఒరుగుతుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ దుంపకు వేళ్ళు అడుగు నుంచి రావు, పైన మొగ్గ చుట్టూ పుడతాయి. అందుకే దుంప మీద మట్టి ఎక్కువ ఉండాలి. చిన్న దుంపకు నాలుగంగుళాలు, పెద్దదానికి ఆరంగుళాల మట్టి పైన కప్పండి. ఎరువు కూడా పైపొరలోనే ఉండాలి. అడుగున ఎంత పోసినా దానికి అందేది తక్కువ. కలుపు తీసేటప్పుడు మొక్క మొదలు దగ్గర పారతో లోతుగా గీకితే తెగేది కలుపు కాదు, దాని వేళ్ళే.

గోదావరి ప్రాంతపు లెక్క ప్రకారం రోహిణి కార్తె నుంచి మృగశిర కార్తె దాకా, అంటే మే చివరి వారం నుంచి జూన్ మధ్య దాకా నాటడానికి అనువైన కాలం. నీటి వసతి ఉంటే ఏప్రిల్‌లోనే నాటుకోవచ్చు. నాటాక ఒకసారి తడిపి, పైన ఎండుగడ్డి గానీ కొబ్బరి మట్టలు గానీ మందంగా కప్పండి. మొలక కనబడేదాకా మళ్ళీ నీళ్ళ బిందె పట్టుకుని దాని దగ్గరకు వెళ్ళకండి. వేరు పుట్టని దుంపను రోజూ తడపడమంటే కుళ్ళబెట్టడమే.

చోటు గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు. కోనసీమ కొబ్బరి తోటల్లో, అరటి తోటల్లో కందను అంతరపంటగా వేస్తారంటేనే సగం నీడ దానికి పడుతుందని తెలుస్తుంది. పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే తూర్పు గోడ పక్క శ్రేష్ఠం. ఒక్క షరతు: వంటింటి కిటికీకి, పడకగదికి, పక్కింటివాళ్ళ వరండాకు దూరంగా ఉండాలి. ఎందుకో పువ్వు వచ్చిననాడు తెలుస్తుంది.

ఆకును మేపడం

మొలక నేల మీదికి వచ్చి విచ్చుకున్నాక చూస్తే చిన్న చెట్టనిపిస్తుంది. నిజానికి అదంతా ఒకే ఒక్క ఆకు. కాండం అనుకునేది ఆకుకాడ. గరుకుగా, ఆకుపచ్చ మీద లేత మచ్చలతో ఉంటుంది. పైన మూడు పాయలుగా చీలి, ఆ పాయలు మళ్ళీ చీలి గొడుగు తెరిచినట్టు పరుచుకుంటుంది. బాగా సాగిన కంద ఆకు మనిషి భుజం ఎత్తుకు వస్తుంది. ఉన్నది ఒక్క ఆకే కాబట్టి అది విరిగితే ఆ ఏడాది ఎదుగుదల దాదాపు ఆగిపోయినట్టే. ఈదురుగాలులు ఎక్కువున్న చోట వెదురు కర్ర పాతి వదులుగా కట్టండి.

ఆకు పూర్తిగా విచ్చుకున్న నాటి నుంచి నెలకొకసారి ఎరువు వేయండి. మాగిన ఎరువు లేదా వర్మికంపోస్టు రెండు దోసిళ్ళు, కట్టెల బూడిద ఒక గుప్పెడు, మొదటికి జానెడు దూరంలో చుట్టూ చల్లి మట్టి ఎగదోయండి. బూడిదలోని పొటాషియం దుంప ఊరడానికి పనికొస్తుంది. రసాయన ఎరువులు వాడే అలవాటున్నవాళ్ళు నత్రజని ఒక్కటే గుప్పించకుండా పొటాష్ కూడా కలిపి కొద్దికొద్దిగా వేయాలి. వానలు ఉంటే నీళ్ళు అక్కర్లేదు. వారం పది రోజులు వాన లేకపోతే ఒక తడి ఇవ్వండి. నీరు నిలవడం మాత్రం ఒక్క రోజు కూడా మంచిది కాదు. సీజను నడుమ మొదటి ఆకు పక్కనే రెండో ఆకు లేస్తే సంతోషించండి. అది మొదటిదానికన్నా పెద్దదవుతుంది, దుంప బాగా ఊరుతోందనడానికి గుర్తు.

తెగుళ్ళలో భయపడాల్సింది మొదలు కుళ్ళు. కాడ నేలను తాకే చోట తెల్లటి దారాలు, వాటి మధ్య ఆవగింజంత గోధుమరంగు గింజలు కనబడతాయి. ఆకు పసుపెక్కి ఒక్కసారిగా ఒరిగిపోతుంది. స్క్లెరోషియం అనే శిలీంధ్రం పని ఇది. నీరు నిలిచే చోట, పచ్చి ఎరువు వేసిన చోట ఎక్కువ. కనబడగానే మొక్క మొదలు దగ్గరి గడ్డి తీసేసి గాలి తగలనివ్వండి, జబ్బుపడిన మట్టి తొలగించండి. ఆకు మీద లేత, ముదురు చారలు వచ్చి ముడుచుకుంటుంటే అది మొజాయిక్ వైరస్, మందు లేదు. ఆ దుంపను మళ్ళీ నాటవద్దు, దాని పిలకలూ వద్దు.

అక్టోబరు తర్వాత ఆకు అంచుల నుంచి పసుపెక్కుతుంది. ఇది జబ్బు కాదు. ఆకులోని సత్తువ దుంపలోకి దిగుతోంది. నీళ్ళు తగ్గించి, ఆపేయండి. అందవిహీనంగా ఉందని పచ్చిగా ఉండగానే కాడ కోసేయడం కొందరికి అలవాటు. దానివల్ల నష్టం దుంపకే. కాడ తానంతట తాను పడిపోయాక చేత్తో లాగితే ఊడి వస్తుంది.

తవ్వాలా, వదిలేయాలా

కూరకైతే తవ్వండి. మంచి సేద్యంలో అర కిలో ముక్క ఎనిమిది తొమ్మిది నెలల్లో రెండు మూడు కిలోలవుతుంది. పాత దుంప ఏటా కరిగిపోయి దాని మీద కొత్తది తయారవుతుంది కాబట్టి తవ్వినప్పుడు అడుగున పాతదాని తోలు కనిపిస్తే కంగారుపడకండి.

పువ్వుకైతే, నీరు నిలవని నేలలో తవ్వకుండా వదిలేయడమే నయం. పొలాల్లో కంద పూయడం అంత తరచుగా చూడకపోవడానికి కారణం ఏటా తవ్వేయడమే. కుండీల్లో పెంచేవాళ్ళు మాత్రం ఏటా తీసి, పిలకలు విడదీసి, మట్టి మార్చి నాటండి. పిలకలను తల్లి దుంపకే వదిలేస్తే తిండి పంచుకుని, అందరూ చిన్నగానే మిగులుతారు.

పువ్వు వచ్చినప్పుడు

ఏప్రిల్ నుంచి జూన్ లోపల, ఆకు లేని సమయంలో, లావాటి మొగ్గ నేలను పగలగొట్టుకు వస్తుంది. దాదాపు రెండు మూడు వారాలు ఊరించి ఒక రోజు విచ్చుకుంటుంది. బయట గంట ఆకారంలో అలలు తీరిన రేకు ఒక్కటే. నడుమ ముడతలు పడిన ఊదారంగు ముద్ద. మనం పువ్వు అంటున్నది నిజానికి వందల చిన్న పువ్వుల గుత్తి: అడుగున ఆడపువ్వులు, వాటి పైన మగపువ్వులు, అన్నిటికీ పైన వాసన వెదజల్లే ఆ ముద్ద.

మొదటి సాయంత్రం, రాత్రి వాసన తీవ్రంగా ఉంటుంది. కుళ్ళిన మాంసం వాసన, గంధకం కలిసిన సమ్మేళనాల వల్ల వచ్చేది. దూరం పోయేలా వ్యాపింపజేయడానికి పువ్వు తన ఒంటి వేడి పెంచుకుంటుంది. చేయి దగ్గర పెట్టి చూస్తే కొన్నిసార్లు వెచ్చదనం తెలుస్తుంది కూడా. సౌరోమాటమ్ పువ్వులో ఈ వేడిని రగిలించే సంకేతం శాలిసిలిక్ ఆమ్లమని 1987లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆస్పిరిన్ మాత్ర తయారయ్యేదీ దాని నుంచే. వాసనకు మోసపోయి ఈగలు, పురుగులు వస్తాయి. వాటికి ఇక్కడ తిండేమీ ఉండదు. పుప్పొడి మోసే పని మాత్రం తప్పదు. ఆడపువ్వులు మొదటి రోజు సిద్ధమవుతాయి, మగపువ్వులు పుప్పొడి రాల్చేసరికి వాటి కాలం దాటిపోతుంది. అందువల్ల ఒంటరి పువ్వుకు కాయలు కట్టడం జరగదు. రెండు పువ్వులు ఒకటి రెండు రోజుల తేడాతో విచ్చుకుంటే, రెండోది విచ్చుకున్న రోజునే మొదటిదాని పుప్పొడిని కుంచెతో దాని ఆడపువ్వులకు అద్ది చూడండి. కాయలు పట్టినవి పండి ఎర్రబడతాయి. పిల్లలు పండ్లనుకుని నోట పెట్టే ప్రమాదం ఉంది కాబట్టి చుట్టూ కంచె కట్టండి.

పక్కింటివాళ్ళకు ముందుగానే చెప్పి ఉంచండి. లేకపోతే చచ్చిన ఎలుక కోసం వాళ్ళు ఇల్లంతా గాలిస్తారు. కుండీలో ఉంటే మొగ్గ దశలోనే మేడ మీదికి చేర్చండి. చూడటానికి, ఫొటోలకు రెండో రోజు ఉదయం మంచిది, వాసన అప్పటికి తగ్గుముఖం పడుతుంది. నాలుగైదు రోజులకు మెత్తబడి వాలిపోతుంది. వాలిన భాగాన్ని మొదటి వరకూ కోయకుండా, కాస్త పైన కత్తిరించి, కోసిన చోటు ఎండనివ్వండి.

పువ్వు ఖర్చంతా దుంపదే కాబట్టి ఆ తర్వాత అది బరువు తగ్గి ఉంటుంది. కొన్ని వారాలకు ఆకు లేస్తుంది. అప్పటి నుంచి పైన చెప్పిన ఎరువు క్రమమే మళ్ళీ మొదలుపెట్టండి. ఆ ఏడాది దాన్ని కూరకు తవ్వకండి, మరుసటి వేసవిలో పువ్వు కోసం ఎదురుచూడకండి. కంద బచ్చలికి ఆవపెట్టి వండుకోవాలనిపిస్తే పక్క గుంటలో వేసిన పిలకలు ఉండనే ఉన్నాయి. ఏటా నాలుగు పిలకలు అదనంగా నాటుతూ పోతే మూడు నాలుగేళ్ళకు ఒక దుంప వంటింటికీ ఒక దుంప పువ్వుకూ వరస కుదురుతుంది.